లో పక్కన రివర్సు

"ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు గేరు ఎక్కడ పెడతావు?"

లాకప్పు గోడకు ఆనుకుని కూర్చున్న వలి సాహెబ్ తల ఎత్తి చూశాడు. మూడు రోజులుగా అందరూ ఎందుకు చంపావని అడిగారు గాని, కారు ఎలా తోలుతావని అడిగినవాడు లేడు.

అడిగింది సి.ఐ.డి. ఇన్‌స్పెక్టరు దావీదురాజు. ఆ ఉదయమే మద్రాసు నుంచి రైల్లో కడప చేరి, బస కూడా చూసుకోకుండా నేరుగా స్టేషనుకు వచ్చాడు. చనిపోయిన పెద్దసుబ్బయ్యకు ఊళ్లో వేరుశనగ నూనె మిల్లు ఉంది, మద్రాసు పెద్దలతో పరిచయం ఉంది. అందుకే పైనుంచి ఒక మనిషిని పంపారు. లేకపోతే డ్రైవరు తానే చంపానని ఒప్పుకున్న కేసును రెండోసారి ఎవరూ తిరగేయరు.

"హైలోనే సార్," అన్నాడు వలి. "హైలో పెట్టి వదిలేస్తా. మెట్ట వస్తే దానంతటదే గేరు దించుకుంటాది. చదును వస్తే అదే ఎక్కించుకుంటాది. మనం చెయ్యి పెట్టే పనే లేదు."

"లోలో పెట్టవా?"

"పెట్టను సార్. లోలో పెడితే ఇంజను ఊరికే అరుస్తాది, పెట్రోలు తాగేస్తాది. రేషను కూపన్ల మీద వచ్చే పెట్రోలు గదా. మా సావుకారికి మాత్రం మెట్ట వస్తే లోలో పడాల్సిందే. హైని నమ్మడు. ఆయన తోలినా అంతే, ఎవరికన్నా చెప్పినా..."

వలి అక్కడితో ఆగిపోయాడు. అతని కళ్లు ఒక్కసారి తలుపు వైపు వెళ్లి వచ్చాయి.

"ఎవరికి చెప్పేవాడు?"

"ఎవరికీ లేదు సార్. మాట వరసకు అన్నా."

దావీదురాజు ఆ మాటను వెంటపడి అడగలేదు. మద్రాసులో ఉండగా అలాంటి బండిని అతను ఒకసారి నడిపాడు. యుద్ధం ముగిసి స్వదేశం వెళ్లిపోతున్న అమెరికన్ అధికారులు తమ కార్లను అమ్ముకుంటుంటే, పెద్దసుబ్బయ్య ఒకటి కొనుక్కున్నాడు. అంతకు ముందు ఏడాదే చక్కెర జబ్బు వల్ల అతని ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. కొయ్యకాలితో క్లచ్చి తొక్కలేడు. ఈ బండికి క్లచ్చే లేదు. స్టీరింగు కింద వేలెడు లావు లీవరు ఒకటి ఉంటుంది. దానికి వరసగా నాలుగు చోట్లు: న్యూట్రలు, హై, లో, రివర్సు. లీవరును కావలసిన చోట పెట్టి కుడికాలితో నొక్కితే బండి పోతుంది.

మంగళవారం తెల్లవారాక ఆ కారు గువ్వలచెరువు ఘాటులో వెనక్కి జారి లోయలో పడింది. లోయలో దొరికిన కారు లీవరు రివర్సులో ఉంది. ఇంజను స్విచ్చి తిప్పే ఉంది.

"ఇంజను ఆపేసి రివర్సులో పెడితే ఆ బండి ఏమవుతుంది?" అని అడిగాడు దావీదురాజు.

"చక్రాలు బిగుసుకుంటాయి. బండిని నిలబెట్టేదే అట్ల."

"ఇంజను నడుస్తుండగా పెడితే?"

"వెనక్కి పోతాది సార్. కాలు పెట్టకపోయినా పాకతాది." వలి గొంతు సవరించుకున్నాడు. తర్వాతి మాటలు పాఠం అప్పజెప్పినట్టు వచ్చాయి. "సావుకారు లోపల ఉండాడు. ఇంజను నడస్తాండగా రివర్సు వేసి నేను దూకేసినా. మిల్లులో నలుగురి ముందర నన్ను చెంప మీద కొట్టినాడు. ఆ కోపంతో చేసినా."

"ఎందుకు కొట్టాడు?"

వలి గోడ వైపు తిరిగాడు.  మనిషి ఆరడుగుల పొడవు, ఆ గోడ పక్కన ముడుచుకుని కూర్చుంటే సగం మనిషిలా కనిపించాడు. ఒంటి మీద దెబ్బలేమీ లేవు. దావీదురాజును కలవరపెట్టింది అదే. ఇరవై రెండేళ్ల సర్వీసులో కొట్టి చెప్పించిన ఒప్పుకోళ్లు చాలా చూశాడు. వాటిని విప్పడం తెలుసు. కొట్టకుండానే ఉరికి సిద్ధపడినవాణ్ణి ఎలా వెనక్కి తేవాలో తెలియదు.

స్టేషను గేటు బయట ఒక ఆడమనిషి రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వలి భార్య ఫాతిమా బీ. దావీదురాజును చూసి లేచింది గాని కాళ్ల మీద పడలేదు, ఏడవలేదు.

"మా ఆయన నాతో మాట్లాడ్డం లేదు సార్," అంది. "నేను వస్తే గోడ దిక్కు తిరుగుతాడు. చేసినోడైతే నాతో చెప్పి ఏడుస్తాడు. పద్దెనిమిదేండ్ల సంసారం, నాకు తెల్దా? ఏందో దాస్తాండాడు."

అంతకంటే ఆమెకు తెలియదు. దావీదురాజు ఆ రొట్టెలు లోపలికి ఇప్పించాడు. 

సర్కిల్ ఇన్‌స్పెక్టరు నాగన్న అప్పటికే జీపు పక్కన నిలబడి ఉన్నాడు. మనిషి పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఈ కేసు రాసింది, వలి ఒప్పుకోలు రాసుకున్నది అతనే. మధ్యాహ్నం మూడు గంటలకు వలిని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోతున్నామని చెప్పాడు. పోలీసులతో చెప్పుకున్నది కోర్టులో నిలవదు. మేజిస్ట్రేటు రాసుకున్నది నిలుస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఒక్కరోజు ఆపండి," అన్నాడు దావీదురాజు.

"ఎందుకు ఆపాలప్పా? చంపినోడు చంపినానంటాండాడు. ఇంకేం కావాల మీకు?"

"స్థలం చూడాలి."

నాగన్న టోపీ తీసి జీపు లోపల పడేశాడు. "చూద్దాం పదండి. మీరు చూసేలోపు మూడు కొడితే మాత్రం నేను ఆగను."

కారు ఎక్కడ పడిందో అక్కడ రోడ్డు ఎడమకు మలుపు తిరిగి నిటారుగా పైకి పోతుంది. మలుపుకు కాస్త కింద కారు ఆగినట్టు చమురు చుక్కల మరక ఉంది. ఆ మరక దగ్గర నుంచి లోయ అంచు దాకా చక్రాలు కోసిన రెండు గాళ్లు. దావీదురాజు గొంతుకూర్చుని వాటిని చేత్తో తడిమి చూశాడు. బండి మెల్లగా జారి ఉంటే చక్రాల అచ్చు మామూలుగా పడేది. ఇవి మట్టి లేపుకుంటూ, కంకర చిమ్ముకుంటూ పోయిన గాళ్లు. అంచుకు దగ్గరయ్యే కొద్దీ మరీ లోతుగా ఉన్నాయి.

"దీన్ని చూశారా?" అన్నాడు.

"చూసినా. రివర్సులో పోయింది. అదే గదా నేను రాసింది."

"ఊరికే పాకలేదు. చివరి దాకా ఎవరో యాక్సిలేటరు మీద కాలు పెట్టి తొక్కారు. వలి మొదట్లోనే దూకేస్తే ఇక్కడ తొక్కిన కాలు ఎవరిది?"

నాగన్న అంచు దాకా నడిచి చూసి వచ్చాడు. చివర్లో దూకి ఉంటాడన్నాడు. చివర్లో దూకినవాడికి ఒక్క గీత కూడా పడలేదేమని అడిగితే, కొందరికి అదృష్టం ఉంటుందన్నాడు.

లోయలోకి దిగడానికి చాలాసేపు పట్టింది. ఎండకు రాళ్లు చెయ్యి పెట్టనివ్వడం లేదు. కారు ఒక పక్కకు ఒరిగి రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది. పైకప్పు అణిగిపోయింది గాని ముందు భాగం చాలా వరకు బాగానే ఉంది. ఎడమ చేతి వైపు స్టీరింగు. ఆ పక్క తలుపు ఊడిపోయింది. దావీదురాజు ఒంగి లోపలికి చూశాడు. స్టీరింగు కింద లీవరు చివరి చోట ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా కదిపాడు. న్యూట్రలు నుంచి లాగితే హై, ఆ తర్వాత లో. లో దగ్గర ఆపాలంటే చేతికి అలవాటు ఉండాలి. కొంచెం బలంగా లాగితే లో దాటి రివర్సులో పడిపోతోంది. మధ్యలో అడ్డేమీ లేదు. రెండుసార్లు అతని చేతిలోనే అలా జరిగింది.

హై దగ్గరే ఆగేవాడికి ఈ తప్పు జరగదు. లో కోసం వెతికే చెయ్యి అయితేనే జరుగుతుంది.

ముందు సీటు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బల్ల. ముందుకూ వెనక్కూ మొత్తంగా జరుగుతుంది. అది ఇప్పుడు స్టీరింగుకు ఆనుకుందా అన్నంత ముందుకు వచ్చి ఉంది.

"పడినప్పుడు జరిగింటాది," అన్నాడు వెనక నుంచి నాగన్న.

దావీదురాజు సీటు కింద చెయ్యి పెట్టి చూశాడు. కొక్కెం చిట్టచివరి గాడిలో చక్కగా కూర్చుని ఉంది. అదురుకు జరిగిన సీటు అయితే కొక్కెం విరగాలి, లేదా గాడి తప్పి ఉండాలి. కుడి వైపుకు తిరిగి టార్చి వేశాడు. అక్కడ, డాష్‌బోర్డు కింది రేకు మీద, ఒకే చోట రాసుకుని రాసుకుని రంగు పోయిన గీతలు ఉన్నాయి. కొన్ని పాతవి, తుప్పు పట్టినవి. సీటు అంత ముందుకు జరిపితే కొయ్యకాలు పెట్టుకున్న మనిషికి అక్కడ చోటు చాలదు. కొయ్య పోయి రేకుకు తగులుతుంది. పెద్దసుబ్బయ్య అలా ఇరుక్కుని ఒకసారి కాదు, చాలాసార్లు కూర్చున్నాడు. సొంత కారులో, సొంత డ్రైవరు పక్కన, అంత బాధపడి ఎవరైనా ఎందుకు కూర్చుంటారు?

"నాగన్న గారూ, మీరొకసారి స్టీరింగు ముందు కూర్చోండి."

నాగన్న మొహం చిట్లించాడు. అయినా ఎక్కాడు. అతని మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి, కడుపు ఇరుక్కుంది.

"మీరు వలి భుజం దాకా కూడా రారు," అన్నాడు దావీదురాజు. "వలి ఇక్కడ కూర్చోగలడా?"

నాగన్న దిగిపోయి చేతులు దులుపుకున్నాడు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఒక మాట చెప్తా, వినండి. ఈ కేసులో చచ్చినోడు ఉండాడు, చంపినానన్నోడు ఉండాడు. మీరు తవ్వితే మూడో మనిషి ఒకరు వస్తారు. మూడో మనిషి వచ్చినందువల్ల చచ్చినోడు లేచి రాడు. ఇంకొక ఇల్లు కూలుతాది, అంతే."

"ఎవరి ఇల్లు?"

నాగన్న అప్పటికే పైకి ఎక్కడం మొదలుపెట్టాడు.

పెద్దసుబ్బయ్య ఇంట్లో మగవాళ్లు మిల్లు అరుగు మీద కూర్చుని ఉన్నారు. లోపల అతని భార్య రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే దావీదురాజుతో మాట్లాడింది. ఇంట్లో కారు ఎవరెవరు ఎక్కేవారని అడిగితే ఆయన తప్ప ఎవరూ ఎక్కరంది. మంగళవారం ఆయన తోటకు వెళుతున్నానని చెప్పి బయల్దేరాడంది. పిల్లలెందరని అడిగాడు. ఒక్కతే కూతురు, సుందరలక్ష్మి, జ్వరంతో పడుకుని ఉందంది. ఎప్పటి నుంచి అని అడిగాడు. ఆమె తడుముకుని, మంగళవారం నుంచి అంది.

"నేను ఆ కారు చూసి వస్తున్నానమ్మా," అన్నాడు దావీదురాజు. "స్టీరింగు ముందు కూర్చున్నది పొట్టి మనిషి. పెద్దసుబ్బయ్య గారు ఆ మనిషికి చాలా రోజులుగా నేర్పుతున్నారు."

రాజ్యలక్ష్మమ్మ చేతులు జోడించింది. "ఆయప్ప ఒప్పుకున్నాడు గదయ్యా. మేమేమన్నా ఒప్పుకోమన్నామా? మొగుడు పోయినాడు నాకు. పాపను గూడా కోర్టులో నిలబెడితే నేనేం చేసేది? తండ్రిని చంపింది అంటారు. ఎవరు తాళి కడతారు, ఎవరు గడప తొక్కనిస్తారు?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. పదిహేడేళ్ల పిల్ల, చెదిరిన జుట్టుతో, గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. మోచేతుల దాకా చెక్కుకుపోయిన చర్మం ఎండి నల్లబడింది.

"వలి మామను ఏం చేస్తారు సార్?" అని అడిగింది.

తల్లి ఆమెను లోపలికి తోయబోయింది. ఆ పిల్ల కదల్లేదు.

తర్వాత ఆమె చెప్పినదంతా తల వంచుకునే చెప్పింది. క్లచ్చి లేని బండి గదా, నువ్వు కూడా తోలొచ్చని నాన్న ఒక రోజు నవ్వులాటకు అన్నాడట. ఆ తర్వాత నవ్వులాట పోయి నిజమైంది. రెండు నెలలుగా వారానికో రోజు తెల్లవారగానే, తోటకు పోతున్నామని చెప్పి, ఘాటు దాటాక చదునైన చోట ఆమె చేతికి స్టీరింగు ఇచ్చేవాడు. ఆమె కాళ్లకు అందడానికి సీటు ముందుకు లాగితే తన కొయ్యకాలు పట్టక అవస్థ పడేవాడు. అయినా వెనక కూర్చోవడానికి ఒప్పుకోలేదు. చదును మీద ఆమె ఎప్పుడూ హైలోనే తోలింది, వలి నేర్పినట్టు. మధ్యలో ఒకసారి నాన్నకు ఘాటు మీద కూడా తోలించాలని బుద్ధి పుట్టింది. వలి వద్దన్నాడు. మిల్లులో అందరూ చూస్తుండగా చెంప దెబ్బ తిన్నది అందుకే. కారణం ఏమిటో చూసినవాళ్లెవరికీ తెలియదు.

"మంగళవారం నాయన ఘాటు మధ్యలో బండి ఆపించి నన్ను కూర్చోబెట్టినాడు," అంది సుందరలక్ష్మి. "వలి మామ మలుపు కాడికి నడిచిపోయినాడు, లారీలు వస్తాండాయేమో చూసేకి. రమ్మని చెయ్యి ఊపినాడు. హైలో పెడదామనుకున్నా. నాయన, మెట్ట గదమ్మా, లోలో పెట్టు అన్నాడు. లాగినా. బండి వెనక్కి పోయింది. జారతాందేమో అనుకుని, ముందుకు పోవల్ల గదా అని ఇంకా గట్టిగా తొక్కినా. నాయన ఏమీ అరవలేదు. కాలు తియ్యమ్మా, కాలు తియ్యి అన్నాడు, అంతే. తీసేలోపల..."

తలుపు ఊడి ఆమె అంచు మీది ముళ్లపొదలో పడింది. కారు వెళ్లిపోయింది. వలి లోయలోకి దిగాడు. పెద్దసుబ్బయ్యకు అప్పటికి ఇంకా ప్రాణం ఉంది. పాప పేరు బయటికి రానీయొద్దని అతను అడిగాడని వలే తర్వాత ఆమెకు చెప్పాడు. వలి పైకి వచ్చి, ఆ దారిన పోతున్న కట్టెల బండిని ఆపి, దాన్ని తోలుతున్న పీరమ్మ అనే ముసలామె పక్కన ఆమెను దుప్పటి కప్పి కూర్చోబెట్టి ఇంటికి పంపాడు. తను నడుచుకుంటూ పోలీసుల దగ్గరికి పోయాడు.

"నేను చెప్తానంటే అమ్మ చెప్పనీలేదు," అంది. "ఇప్పుడు వస్తా. నన్ను తీసుకపోండి."

రాజ్యలక్ష్మమ్మ నేల మీద కూలబడి దావీదురాజు బూట్లు పట్టుకుంది. అతనికి అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. ఈ పిల్లను తీసుకుపోకపోతే ఒక మనిషి ఉరికి పోతాడు. తీసుకుపోతే ఈ ఇంట్లో ఇక ఏమీ మిగలదు. ప్రమాదం అని రుజువైతే శిక్ష పెద్దగా ఉండదని, తనే దగ్గరుండి చూసుకుంటానని తల్లికి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆ మాటను తను నిజంగానే నమ్మాడు.

మూడు కొట్టడానికి ఇంకా కొంత వ్యవధి ఉండగా వాళ్లు స్టేషను చేరారు. వలిని తీసుకుపోవడానికి జీపు సిద్ధంగా ఉంది. నాగన్న, హెడ్డు కానిస్టేబులు, ఇద్దరు కానిస్టేబుళ్లు ఆవరణలో ఉన్నారు. గేటు దగ్గర ఫాతిమా బీ నిలబడే ఉంది. దావీదురాజు తను చూసింది, విన్నది అంతా చెప్పాడు. సుందరలక్ష్మి, కారు తోలింది నేనే అంది.

హెడ్డు కానిస్టేబులు నవ్వాడు. ఆపుకోలేక మళ్లీ నవ్వాడు. కడప జిల్లాలో కారు తోలే ఆడపిల్లను అతను ఎన్నడూ చూడలేదు, వినలేదు.

నాగన్న నవ్వలేదు. "తోలింటే ఇప్పుడు తోలి చూపించనీ," అన్నాడు. "జీపు ఉండాది. స్టీరింగు గూడా ఆ కారు మాదిరే ఎడమ పక్క. గేటు దాకా తోలితే చాలు, వలిని నేను మేజిస్ట్రేటు కాడికి తీసుకపోను."

"ఆ బండి వేరు, ఇది వేరు," అన్నాడు దావీదురాజు. "దానికి క్లచ్చి లేదు. అటువంటి బండి ఈ జిల్లాలో అదొక్కటే."

"బండి బండే గదప్పా."

సుందరలక్ష్మి ఎక్కి కూర్చుంది. కట్టు కట్టిన చేతులతో స్టీరింగు పట్టుకుంది. కానిస్టేబులు ఇంజను స్టార్టు చేసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె చెయ్యి స్టీరింగు కింద లీవరు కోసం వెతికింది. అక్కడ ఏమీ లేదు. నేల మీద నుంచి లేచిన గేరు రాడ్డును చూసి దాన్ని పట్టుకుంది. కిందికి, కాళ్ల దగ్గరి పెడళ్ల వైపు చూసింది.

"ఇదేంది, మూడోది ఒకటి ఉండాది?" అంది.

దావీదురాజుకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రెండు పెడళ్ల కారు తోలిన మనిషి మాత్రమే అడగగల ప్రశ్న అది. కాని చుట్టూ ఉన్నవాళ్లకు అది కారు అంటేనే తెలియని పిల్ల అడిగిన ప్రశ్నలా వినిపించింది. ఆమె గేరు రాడ్డు లాగింది. జీపు లోపల ఇనుము ఇనుమును కొరికినట్టు చప్పుడయింది. మళ్లీ లాగింది. జీపు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. హెడ్డు కానిస్టేబులు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఫాతిమా బీ మాత్రం కళ్లార్పకుండా ఆ పిల్ల చేతుల్నే చూస్తోంది. ఆమెకు అర్థమైంది. ఆమె మాట ఎవరూ అడగరు.

లాకప్పు ఊచల వెనక నుంచి వలి గొంతు వినిపించింది.

"పాపకు కారు తోలడం రాదు సార్. నాయన పోయిన దుఃఖంలో ఏందేందో అంటాండాది. ఇంటికి పంపించేయండి. ఎండలో నిలబెట్టొద్దు."

దావీదురాజు ఊచల దగ్గరికి వెళ్లాడు. గాళ్లు, సీటు, కొయ్యకాలి గీతలు, అన్నీ తనకు తెలుసని మెల్లగా చెప్పాడు. ప్రమాదమని చెబితే ఇద్దరూ బతుకుతారన్నాడు. వలి తల అడ్డంగా ఊపాడు. తన మాట ప్రమాదమని ఎవరు నమ్ముతారని అడిగాడు. పాప పేరు ఒక్కసారి బయటికి వస్తే, సావుకారు పోతూ అడిగిన ఆ ఒక్కటీ పోతుందన్నాడు. మలుపు దగ్గర నిలబడి రమ్మని చెయ్యి ఊపింది తనేనని కూడా అన్నాడు. 

నాగన్న దావీదురాజును వరండా చివరికి తీసుకుపోయాడు.

"ఆ పిల్ల తోలిందని నాకు మొదటి రోజే తెలుసు," అన్నాడు తగ్గు గొంతుతో. "ఆడపిల్ల చేతి గాజుల ముక్కలు దొరికినాయి కారులో. నేనే ఏరి పారేసినా."



"తెలిసి వలిని ఉరికి పంపుతున్నారా?"

"నేను పంపడం లేదు. అతనే పోతాండాడు. మీరు ఈ పిల్లను కోర్టుకు ఎక్కించినారనుకోండి. ప్లీడరు అడుగుతాడు, రెండు నెలలుగా నేర్చుకున్నదానివి, ఎందుకు బ్రేకు తొక్కలేదని. ప్రమాదం అని ఎవరూ అనరు. ఎవరి కోసం తండ్రిని చంపినావని అడుగుతారు. అవన్నీ పడేదానికి తయారుగా ఉందా ఆ బిడ్డ? నాకూ ఆడపిల్లలు ఉండారు."

"వలికి పిల్లలు లేరా?"

 నాగన్న వెనుదిరిగాడు. సుందరలక్ష్మి వాళ్లకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. ఆమె మొహంలో ఏడుపు లేదు, జ్వరం కూడా లేనట్టే ఉంది.

"కారు తోలడం నాకు రాదని అందరూ చూసినారు గదా సార్," అంది నాగన్నతో. "సరే, తోలలేదు. ఇంజను నడస్తాండాది. నాయన లోపల కూర్చోని ఉండాడు. వలి మామ మలుపు కాడికి పోయినాడు. నేను చెయ్యి పెట్టి లీవరు రివర్సులోకి లాగి దూకేసినా. దానికి తోలడం రావాల్సిన పని లేదు. కాలు గూడా పెట్టాల్సిన పని లేదు. కావాలనే చేసినా. రాసుకోండి."

"సుందరలక్ష్మీ," అన్నాడు దావీదురాజు. "వద్దమ్మా. అది నిజం కాదు."

"నిజం చెప్పినాను గదా సార్. నవ్వినారు."

 తండ్రిని ఎందుకు చంపావని నాగన్న అడిగాడు. ఆ గొంతులో ఇందాకటి అధికారం లేదు.

"ఎందుకో మీరే రాసుకోండి. వలి మామకు మీరే రాసినారు గదా."

లోపల వలి ఊచలు పట్టుకుని గుంజుతున్నాడు. అబద్ధం సార్, అంతా అబద్ధం, నేనే చంపినా అని అరుస్తున్నాడు. గేటు దగ్గర నిలబడ్డ ఫాతిమా బీ మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. దావీదురాజు గాళ్ల గురించి మళ్లీ చెప్పబోయాడు. చివరి దాకా కాలు తొక్కి ఉందని, దూకిన మనిషికి అలా తొక్కే వీలు లేదని. ఎవరూ అతని వైపు చూడడం లేదు.

హెడ్డు కానిస్టేబులు ఈసారి నవ్వలేదు. లోపలికి పోయి కాగితాలు, సిరాబుడ్డి, కలం తెచ్చి బల్ల మీద సర్ది, ఆ పిల్ల కూర్చోవడానికి ఒక స్టూలు జరిపాడు.